గిటార్ ప్రాక్టీస్ ఆంప్ కిట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వంద, నూట యాభై రూపాయలు పెట్టి ఎల్ఎం386 అనే యాంప్లిఫయర్ ఐసీ కిట్ కొని, ఎలక్ట్రిక్ గిటార్‌కు చిన్న ఆంప్ కట్టుకోవాలనుకునేవారి ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. ప్రశ్నలు వేరైనా చిక్కు దాదాపు ఒకటే. ఈ కిట్లు సెల్‌ఫోన్ పాటలు వినడానికి తయారుచేసినవి, గిటార్ కోసం కాదు. ఐసీలో లోపమేమీ లేదు. గిటార్‌కూ ఐసీకీ మధ్య ఉండాల్సిన బఫర్ (గిటార్ మీద బరువు పడకుండా సిగ్నల్‌ను అందించే చిన్న సర్క్యూట్), ఐసీకి సరిపడా కరెంటు, స్పీకర్‌కు పెట్టె, ఈ మూడూ కిట్‌లో రావు. వాటిని మనమే చేర్చుకోవాలి.

ప్రశ్న: సార్, ఆన్‌లైన్లో 386 కిట్ తెప్పించాను. ప్లాస్టిక్ కవర్లో విడిభాగాలు తప్ప ఏ కాగితమూ లేదు. సోల్డరింగ్ పట్టడం ఇదే మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: కవర్లో ఉన్నవన్నీ తెల్లకాగితం మీద పోసి లెక్క చూసుకోండి. ఇలాంటి కిట్‌లో మామూలుగా వచ్చేవి ఇవి: 386 ఐసీ, దానికి 8 కాళ్ల సాకెట్, 10 కిలోఓంల వాల్యూం కంట్రోల్, 10 ఓంల రెసిస్టర్ ఒకటి, 10 మైక్రోఫారడ్ కండెన్సర్లు ఒకటో రెండో, 220 మైక్రోఫారడ్‌ది ఒకటి, 104 అనీ 473 అనీ రాసి ఉన్న బుల్లి కండెన్సర్లు. 104 అంటే 0.1 మైక్రోఫారడ్, 473 అంటే 0.047. పది ఓంల రెసిస్టర్ మీద గోధుమ, నలుపు, నలుపు పట్టీలుంటాయి. మూడో పట్టీ నారింజ అయితే అది పది కిలోఓంలు. అయిదు పట్టీలవి వస్తే రంగులు చదవడం ఇంకా తికమక. ప్రతిదాన్నీ మల్టీమీటర్‌తో కొలిచాకే బోర్డులో పెట్టండి.

ఐసీ మీద ఒక కొసన అర్ధచంద్రాకారంలో గంటు ఉంటుంది. ఆ గంటు మీ ఎడమచేతి వైపు వచ్చేలా, అక్షరాలు పైకి ఉండేలా పట్టుకుంటే కింది వరసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4 కాళ్లు. పై వరసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8. సిగ్నల్ వచ్చేది 3కి. 2, 4 కాళ్లు గ్రౌండుకు. 5 నుంచి స్పీకర్‌కు, 6కి బ్యాటరీ పాజిటివ్. 1, 8 కాళ్ల మధ్య ఏమీ పెట్టకపోతే ఐసీ సిగ్నల్‌ను 20 రెట్లు పెంచుతుంది. 10 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒక్కటే పెడితే 200 రెట్లు. దానికి వరసగా 1.2 కిలోఓంల రెసిస్టర్ కూడా చేర్చితే 50 రెట్లు. కిట్ బోర్డు మీద ఈ కండెన్సర్‌కు చోటు ఉన్నా ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయండి. ఎందుకో కింది జవాబుల్లో తెలుస్తుంది.

పొట్టి భాగాలు ముందు, పొడుగువి తర్వాత: రెసిస్టర్, సాకెట్, బుల్లి కండెన్సర్లు, పెద్ద కండెన్సర్లు, చివర వాల్యూం కంట్రోల్, వైర్లు. పెద్ద కండెన్సర్ల ఒంటి మీద తెల్లగీత ఉన్న వైపు నెగటివ్. 5వ కాలికి తగిలే 220 మైక్రోఫారడ్ కండెన్సర్ పాజిటివ్ కాలు ఐసీ వైపు, నెగటివ్ కాలు స్పీకర్ వైపు ఉండాలి. తిప్పి పెడితే వేడెక్కి ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా.

సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్, లోపల రోజిన్ ఉన్న 60/40 సీసం తీగ చాలు. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: సీసాన్ని ఐరన్ మొనకు కరిగించి, దాన్ని తెచ్చి కాలికి పూస్తారు. అలా చేయకండి. మొనను కాలికీ, బోర్డు మీది రాగి వలయానికీ ఒకేసారి ఆనించి ఒక సెకను ఆగండి. తర్వాత సీసం తీగను అవతలి పక్క నుంచి తాకించండి. రాగి సరిగ్గా వేడెక్కి ఉంటే సీసం నీళ్లలా పరుచుకుని, కాలి చుట్టూ పైకి ఎగబాకి, చిన్న పుట్టలా నిలబడుతుంది. ముందు సీసం తీగ, ఆ తర్వాత ఐరన్ తీసేయండి. మొత్తం మూడు సెకన్ల పని. చల్లారేదాకా భాగం కదలకూడదు. అతుకు ఆవగింజలా గుండ్రంగా ముద్దకట్టి, కాలి చుట్టూ సన్నటి నల్లగీత కనబడితే అది పట్టని అతుకు. ఈ రోజు పలుకుతుంది, రేపు పలకదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ తీగలో సీసం ఉంటుంది.

ఐసీని అప్పుడే సాకెట్‌లో పెట్టొద్దు. బ్యాటరీ తగిలించి సాకెట్ 6, 4 కాళ్ల మధ్య వోల్టేజ్ కొలవండి. 9 రావాలి. బ్యాటరీ తీసి, ఐసీ పెట్టి, మళ్లీ తగిలించి 5వ కాలి దగ్గర చూడండి. సరఫరాలో సగం, అంటే 4.5 వోల్టుల దాపున రావాలి. సున్నా గానీ, పూర్తి 9 గానీ వస్తే వెంటనే బ్యాటరీ పీకేయండి. ఐసీ తిరగబడి ఉంటుంది, లేదంటే పక్కపక్క కాళ్ల మధ్య సీసం వంతెన కట్టి ఉంటుంది. బ్యాటరీ తీగలో మీటర్‌ను వరసగా పెట్టి చూస్తే, పాట ఏదీ లేనప్పుడు 386 తాగే కరెంటు 4 నుంచి 8 మిల్లీఆంపియర్లు.

ప్రశ్న: ఫోన్ తగిలిస్తే శుభ్రంగా పలుకుతోంది. గిటార్ పెడితే గొంతు పూడుకుపోయినట్టు, సన్నగా వస్తోంది. గిటార్ వేరే ఆంప్ మీద బాగుంది. ఐసీ మార్చాలా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: ఐసీ జోలికి వెళ్లకండి. ఇది కిట్‌లకు పుట్టుకతో వచ్చిన లోపం.

తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ అంటే వేల చుట్ల సన్నటి రాగి తీగ. మీటర్‌తో కొలిస్తే 7 కిలోఓంలే చూపిస్తుంది గానీ, రెండు కాయిళ్ల హంబకర్‌కు 4 హెన్రీల దాకా ఇండక్టెన్స్ ఉంటుంది. స్వరం పైకి పోయేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. 3,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అది 75 కిలోఓంలు. అంతటి బలహీనమైన మూలానికి కిట్ తగిలిస్తున్న బరువు (లోడ్) ఎంత? వాల్యూం కంట్రోల్ 10 కిలోఓంలు, దానికి సమాంతరంగా 386 లోపలి 50 కిలోఓంలు. రెండూ కలిసి సుమారు 8.3 కిలోఓంలు. లెక్క కడితే 600 హెర్ట్జ్ దాటిన దగ్గర నుంచీ శబ్దం జారిపోతూ వస్తుంది. ఒకటో తీగ పన్నెండో మెట్టు మీద పలికే మూలస్వరమే 659 హెర్ట్జ్. ఇక తీగకు మెరుపునిచ్చే పై స్వరాలకు దారి ఎక్కడ? ఫోన్ బయటకిచ్చే సిగ్నల్‌కు ఈ బరువు ఒక లెక్క కాదు కనుక పాట బాగానే వస్తుంది.

గిటార్‌కు కావల్సింది 10 లక్షల ఓంల ద్వారం (ఇన్‌పుట్). టీఎల్072 ఐసీ ఒకటి తెచ్చి చిన్న వెరో బోర్డు (రంధ్రాలూ రాగి పట్టీలూ ఉన్న బోర్డు) మీద బఫర్ కట్టండి. కలపాల్సిన తీరు ఇది. 8వ కాలు పాజిటివ్‌కు, 4వ కాలు గ్రౌండుకు. పాజిటివ్ నుంచి 10 కిలోఓంలు, అక్కడి నుంచి గ్రౌండుకు మరో 10 కిలోఓంలు. రెండూ కలిసేచోట 4.5 వోల్టులు పుడతాయి. ఆ చోటి నుంచి గ్రౌండుకు 47 మైక్రోఫారడ్ కండెన్సర్. అదే చోటి నుంచి 3వ కాలికి 1 మెగాఓం రెసిస్టర్. గిటార్ జాక్ మొన నుంచి వచ్చే సిగ్నల్ 10 కిలోఓంల గుండా, ఆపైన 223 అని రాసి ఉండే 0.022 మైక్రోఫారడ్ కండెన్సర్ గుండా 3వ కాలికి చేరాలి. 1, 2 కాళ్లను ఒకదానితో ఒకటి కలిపేయండి. 1వ కాలి నుంచి 1 మైక్రోఫారడ్ కండెన్సర్ గుండా, పాజిటివ్ కాలు ఐసీ వైపు ఉంచి, కిట్ వాల్యూం కంట్రోల్ పై కొసకు ఇవ్వండి. టీఎల్072లో రెండో సగం ఖాళీగా ఉంటుంది. దాన్ని గాలికి వదిలేస్తే అదే రొద పుట్టిస్తుంది. 6, 7 కాళ్లను కలిపి, 5వ కాలును ఆ 4.5 వోల్టుల చోటికి కట్టేయండి.

ఇంత చేశాక గిటార్ గొంతు మారడం మొదటి మీటుకే తెలుస్తుంది. ఈ ఒక్క మార్పు చేయకుండా స్పీకర్లూ ఐసీలూ మార్చుకుంటూ పోయినవాళ్ల డబ్బు వృథాయే. ఇవన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిగా దొరుకుతాయి. రెసిస్టర్లు నాలుగు ఎక్కువే తెచ్చుకోండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో బీఎఫ్‌డబ్ల్యూ10 ఫెట్‌లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) ఉన్నాయి. బఫర్‌కు అవి పనికిరావా?
– డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: పలుకుతుంది గానీ 9 వోల్టుల మీద నమ్మకం లేదు. ఆ ఫెట్ పూర్తిగా మూసుకుపోవడానికి కావల్సిన గేట్ వోల్టేజ్ ఒక్కో ముక్కకు ఒక్కోలా, 8 వోల్టుల దాకా కూడా ఉండవచ్చు. అలాంటి ముక్క పడితే సోర్స్ కాలు బాగా పైకి లేచి, సిగ్నల్ ఊగడానికి చోటు మిగలదు. గట్టిగా మీటినప్పుడు గరగరమంటుంది. బీఎఫ్‌డబ్ల్యూ11 కాస్త నయం. ఏరి కొలిచే ఓపిక లేకపోతే టీఎల్072 పెట్టడమే మేలు.

ప్రశ్న: వాల్యూం సగం దాటితే కీచుమని అరుస్తుంది. మరికొన్నిసార్లు టపటపమని పడవ ఇంజన్ చప్పుడు. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వారానికే అయిపోతోంది.
– విజయవాడ పాఠకుడు

జవాబు: రెండు చప్పుళ్లకు రెండు కారణాలు.

టపటప బ్యాటరీ వల్ల. 9 వోల్టుల మీద, 8 ఓంల స్పీకర్‌తో, 386 గట్టిగా పలికేటప్పుడు స్పీకర్ మీద వోల్టేజ్ 3 వోల్టుల శిఖరం దాకా పోతుంది. అంటే ఆ క్షణాన దాదాపు 375 మిల్లీఆంపియర్లు. దీర్ఘచతురస్రంగా ఉండే చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఇంత కరెంటు ఇవ్వలేదు. వోల్టేజ్ కుంగుతుంది, ఆ కుంగుడు తిరిగి ఐసీ లోపలికే చేరి మళ్లీ సిగ్నల్‌లా పెరుగుతుంది. అదే టపటప. పెన్సిల్ సెల్లులు ఆరు పట్టే హోల్డర్ కొని వాడండి. వోల్టేజ్ అదే 9, కరెంటు ఇచ్చే సత్తా ఎన్నో రెట్లు ఎక్కువ, నెలల తరబడి వస్తుంది. ఎలాగూ 386 కాళ్లకు వీలైనంత దగ్గరగా, 6 నుంచి 4కి 100 మైక్రోఫారడ్ ఒకటి, 104 ఒకటి పక్కపక్కన పెట్టండి. ఏడో కాలి నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ పెడితే సరఫరాలోని ఊగిసలాట లోపలికి చొరబడటం తగ్గుతుంది.

కీచు వైర్ల వల్ల. స్పీకర్‌కు వెళ్లే వైరూ, గిటార్ జాక్ నుంచి వచ్చే వైరూ ఒకే కట్టగా కట్టి ఉంటే బయటికెళ్లిన శబ్దం లోపలికి తిరిగొస్తుంది. జాక్ వైరుకు షీల్డ్ వైరు వాడండి, షీల్డును జాక్ వైపు ఒక్క కొసనే గ్రౌండు చేయండి. స్పీకర్ నెగటివ్‌ను బోర్డు మీద ఎక్కడో దగ్గర అతికించకుండా, విడిగా ఒక వైరుతో బ్యాటరీ నెగటివ్ దాకా తెచ్చుకోండి. 5వ కాలి నుంచి గ్రౌండుకు 10 ఓంలూ 473 కండెన్సరూ వరసగా ఉన్నాయా చూడండి. కొన్ని చౌక కిట్లలో ఈ జంటను ఎగ్గొడతారు. అది లేకపోతే చెవికి వినబడనంత పై స్వరంలో ఐసీ ఊగిపోతూ ఊరికే వేడెక్కుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కీచు ఆగకపోతే 1, 8 కాళ్ల మధ్య కండెన్సర్ తీసేయండి. 200 రెట్లు పెంచే బోర్డును కుదురుగా ఉంచడం పెట్టె లోపల చాలా కష్టం.

బ్యాటరీ త్వరగా అయిపోవడానికి ఇంకో మామూలు కారణం, ఆపడం మరిచిపోవడం. దీనికి స్విచ్ అక్కర్లేని ఉపాయముంది. ఇన్‌పుట్‌కు స్టీరియో జాక్ బిగించి, బ్యాటరీ నెగటివ్‌ను జాక్ మధ్య వలయానికి కట్టండి. గిటార్ ప్లగ్ మోనో కాబట్టి గుచ్చగానే వలయాన్నీ గ్రౌండునూ కలిపేస్తుంది. ప్లగ్ పీకితే కరెంటు ఆగిపోతుంది. ఈ పద్ధతిలో స్పీకర్ నెగటివ్ బ్యాటరీకి నేరుగా కాకుండా జాక్ గ్రౌండు దగ్గర కలవాలి. 

ప్రశ్న: రాత్రిళ్లు గిటార్ ముట్టుకోకపోయినా స్పీకర్లో వార్తలు, పాటలు సన్నగా వినబడుతున్నాయి!
– రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: మీ గిటార్ కేబుల్ ఏరియల్‌లా పనిచేస్తోంది. మీడియం వేవ్ స్టేషన్లు 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. చీకటి పడ్డాక ఆ తరంగాలు దూరాల నుంచి కూడా వస్తాయి కాబట్టి రాత్రిళ్లే ఎక్కువ. పైన చెప్పిన బఫర్‌లో జాక్ పక్కన పెట్టిన 10 కిలోఓంల రెసిస్టర్ ఇందుకు సగం మందు. మిగతా సగం 221 అని రాసి ఉండే 220 పికోఫారడ్ కండెన్సర్. ఆ రెసిస్టర్ దాటిన వెంటనే అక్కడి నుంచి గ్రౌండుకు పెట్టండి. రెండూ కలిసి 72 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదాన్నంతా అణచివేస్తాయి. గిటార్ స్వరాలు దానికి ఎంతో కింద ఉంటాయి కనుక వాటికి నష్టం లేదు. వైర్లు పొట్టిగా ఉంచి, బోర్డును రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను గ్రౌండుకు కలిపితే మిగిలిందీ పోతుంది.

ప్రశ్న: అడాప్టర్ పెడితే గుయ్‌మంటోంది. బ్యాటరీ మీద లేదు. 12 వోల్టుల అడాప్టర్ నేరుగా ఇవ్వొచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఆ గుయ్‌మనే మోత (హమ్) ఎక్కడిదో మీ గిటారే చెబుతుంది. ఆరో తీగ మూడో మెట్టు నొక్కి మీటండి. అది 98 హెర్ట్జ్. స్పీకర్లో వచ్చే గుయ్‌మనే శబ్దం ఆ స్వరానికి దగ్గరగా ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే అడాప్టర్ సరిగ్గా వడగట్టని కరెంటు. దానికి ఒక స్థాయి కింద ఉంటే 50 హెర్ట్జ్, అంటే ఇంటి వైరింగ్, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి పికప్ పట్టుకుంటున్నది. చిన్న స్పీకర్లో 50 లోతుగా వినబడదు గానీ తేడా మాత్రం తెలుస్తుంది. మీది బ్యాటరీ మీద లేదన్నారు కనుక అడాప్టర్‌దే తప్పు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్ మీద 9 అని రాసున్నా, బరువు లేనప్పుడు 12, 13 వోల్టులు చూపడం మామూలే. 386లో ఎన్-1, ఎన్-3 రకాలు పనిచేయాల్సింది 12 వోల్టుల లోపు, 15 దాటితే చచ్చిపోతాయి. ఎన్-4 మాత్రమే 18 దాకా తట్టుకుంటుంది. ఐసీ మీద రకం రాసి ఉంటుంది, చూడండి. 12 వోల్టుల అడాప్టర్ ఉంటే మధ్యలో 7809 రెగ్యులేటర్ పెట్టండి. దాని ఇన్‌పుట్ వైపు 0.33, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు, ఇన్‌పుట్‌లో అదనంగా 1000 మైక్రోఫారడ్. హమ్ పోతుంది, ఐసీ కూడా క్షేమం. పాజిటివ్ వైరులో 1ఎన్5817 డయోడ్ వరసగా పెడితే ప్లగ్ తిరగబడినా ఏమీ కాదు. ఇది మరీ అవసరం. గిటార్ పెడళ్ల అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్య మొన నెగటివ్, మామూలు అడాప్టర్లకు మధ్య మొన పాజిటివ్. రెండూ ఒకే సాకెట్‌లో చక్కగా దూరిపోతాయి.

పెట్టెలోనే 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడదామన్న ఆలోచన మాత్రం మానుకోండి. మీ వేళ్లు ఇనుప తీగల మీద ఉంటాయి, ఆ తీగలు ఆంప్ గ్రౌండుకు కలిసి ఉంటాయి.

ప్రశ్న: 1, 8 కాళ్ల మధ్య ఏమీ పెట్టలేదు. అయినా గట్టిగా మీటితే శబ్దం చిరుగుతోంది. కావాలనుకున్నప్పుడు మాత్రమే చిరిగేలా చేయొచ్చా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: లెక్క చూడండి. స్పీకర్ మీద శిఖరం 3 వోల్టులు, పెంపు 20 రెట్లు. అంటే 386 ద్వారం దగ్గర 150 మిల్లీవోల్టులు దాటితే చాలు, సిగ్నల్ తల కోసేస్తుంది. హంబకర్ గిటార్‌ను గట్టిగా మీటితే అంతకు మించే వస్తుంది. కాబట్టి వాల్యూం కంట్రోల్ సగం మీదే శుభ్రమైన శబ్దానికి హద్దు. ఆపైన చిరిగేది తప్పేమీ కాదు, చాలామంది ఈ బుల్లి ఆంప్‌ను కోరుకునేదే ఆ గొంతు కోసం.

కావాలన్నప్పుడు ఇంకా చిరగాలంటే 1వ కాలి నుంచి 10 మైక్రోఫారడ్ పాజిటివ్ కాలు, దాని నెగటివ్ నుంచి 5 కిలోఓంల కంట్రోల్ గుండా 8వ కాలికి కలపండి. కంట్రోల్ సున్నాలో ఉంటే 200 రెట్లు, చివర ఉంటే 25 రెట్ల దాపుకు దిగుతుంది. పూర్తి శుభ్రం కావాలంటే ఆ దారిలో ఒక స్విచ్. వాల్యూం కంట్రోల్ కొనేటప్పుడు ఏ10కే అని రాసున్నది అడగండి. బీ10కే అయితే కొంచెం తిప్పగానే శబ్దం మీద పడుతుంది, ఆ తర్వాత తిప్పినా తేడా తెలియదు. తిప్పిన దిక్కుకు వ్యతిరేకంగా పనిచేస్తుంటే రెండు పక్క కొసల వైర్లు మారిపోయాయన్నమాట.

ప్రశ్న: పాత టీవీలోంచి తీసిన స్పీకర్ వాడొచ్చా? పెట్టె లేకుండా బల్ల మీద పెడితే డబ్బా మోగినట్టుంది. పెట్టె కొలతలు చెప్పగలరా?
– కార్పెంటర్ పని తెలిసిన పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పెట్టె కట్టడం వచ్చినవారికి ఈ ఆంప్‌లో సగం పని అయిపోయినట్టే. ఆంప్‌లో డబ్బు పెట్టాల్సిన చోటు కూడా స్పీకరూ పెట్టే, ఐసీ కాదు.

ముందు స్పీకర్‌ను మీటర్‌తో కొలవండి. 6, 7 ఓంలు చూపిస్తే అది 8 ఓంలది. టీవీ స్పీకర్లలో 16 ఓంలవి కూడా వస్తాయి. వాడొచ్చు, శక్తి సగానికి పడిపోతుంది. 4 ఓంలది మాత్రం పెట్టకండి. కరెంటు రెట్టింపై 386 కాగిపోతుంది. కోన్ కాగితం చిరగకుండా, అంచు పెళుసుబారకుండా ఉండాలి. రెండు బొటనవేళ్లతో కోన్‌ను సమంగా మెల్లగా నొక్కి వదలండి. లోపల గీసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ పక్కకు జరిగింది, ఆ స్పీకర్‌ను వదిలేయండి.

కొత్తది కొంటే వాట్లు చూడొద్దు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందో చూడండి. 84 డెసిబెల్ స్పీకర్‌కు 2 వాట్లు ఇస్తే ఎంత వినబడుతుందో, 90 డెసిబెల్ స్పీకర్ అర వాటుకే అంత వినబడుతుంది. మూడు డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ శక్తి రెట్టింపైనట్టు లెక్క. మన ఆంప్ ఇచ్చేదే అర వాటు కాబట్టి ఈ తేడా చాలా పెద్దది.

స్పీకర్ కోన్ ముందుకు తోసిన గాలినే వెనక నుంచి లాక్కుంటుంది. పెట్టె లేకపోతే ముందు గాలి అంచు చుట్టి వెనక్కి పోయి, కింది స్వరాలు పుట్టినచోటే చస్తాయి. మీకు వినబడిన డబ్బా మోత అదే. నాలుగు అంగుళాల స్పీకర్‌కు బయటి కొలత 24 సెంటీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు, 15 లోతు చాలు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే పై, కింది పలకలు 24కి 15. పక్క పలకలు 21.6కి 15, ముందు, వెనక పలకలు లోపలికి దిగేలా 21.6కి 21.6. లోపలి చోటు సుమారు ఆరు లీటర్లు. తరుగుతో కలిపి మూడు చదరపు అడుగుల చెక్క సరిపోతుంది. స్పీకర్ రంధ్రం మాత్రం కంపెనీకో కొలత. కొన్న స్పీకర్ అంచు లోపలి వ్యాసం కొలిచాకే కోయండి. మధ్యలో కాకుండా రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు పెడితే మంచిది. స్పీకర్‌కూ చెక్కకూ మధ్య తలుపులకు అంటించే ఫోమ్ పట్టీ, బిగింపుకు బోల్టులూ నట్లూ. మేకులు ఊగి వదులై గరగరమంటాయి. లోపల కొద్దిగా దూదిని వదులుగా పరిచి వెనక పలక స్క్రూలతో మూసేయండి, రేపు విప్పాల్సి వస్తుంది.

పెట్టె అయ్యాక ఇంకో చిన్న మార్పు. కిట్‌లోని 220 మైక్రోఫారడ్ అవుట్‌పుట్ కండెన్సర్ 8 ఓంల స్పీకర్‌తో 90 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలుపెడుతుంది. గిటార్ ఆరో తీగ విడిగా పలికేది 82. 470 మైక్రోఫారడ్, 16 వోల్టులది పెడితే కోత 42కి దిగుతుంది. పెట్టె లేకుండా ఈ మార్పు చేసి లాభం లేదు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదయ్యాక వాయించలేను. హెడ్‌ఫోన్ ఎలా చేర్చాలి?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: స్విచ్ ఉన్న 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్ తీసుకోండి, హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ దారి తెగిపోయే రకం. అవుట్‌పుట్ కండెన్సర్ దాటాక 100 ఓంల రెసిస్టర్ ఒకటి ఎడమకు, మరొకటి కుడికి ఇవ్వండి. లేకపోతే ఒక చెవిలోనే వినబడుతుంది, పైగా చెవులు అదిరిపోతాయి. రెసిస్టర్లు పెట్టినా వాల్యూం సున్నాలో ఉంచి గుచ్చి, తర్వాతే పెంచండి. ఫోన్లో పాట పెట్టుకుని దాని వెంట వాయించాలంటే ఫోన్ ఎడమ, కుడి తీగలకు చెరో 10 కిలోఓంలు వరసగా పెట్టి వాల్యూం కంట్రోల్ పై కొసకు కలపండి. అలా కలిపినప్పుడు బఫర్ నుంచి వచ్చే 1 మైక్రోఫారడ్ కండెన్సర్‌కు కూడా 10 కిలోఓంలు వరసగా పడాలి. అది లేకపోతే బఫర్ ఫోన్ సిగ్నల్‌ను మింగేస్తుంది.

ప్రశ్న: అర వాటు చాలదు. 8403 ఆంప్ బోర్డు 9 వోల్టులకు పెడితే కాలిపోయింది. 4440 బోర్డు మేలా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: పీఏఎం8403 అయిదు వోల్టుల బోర్డు, ఫోన్ చార్జర్ కరెంటు కోసం చేసింది. 9 ఇస్తే కాలిపోవడం ఖాయం. దానిలో స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండుకు తగలకూడదన్నది ఇంకో నిబంధన. 4440 మంచి బోర్డే గానీ 12 వోల్టులు, పెద్ద హీట్‌సింక్, గట్టి అడాప్టర్ అడుగుతుంది. ఒక్క గిటార్‌కు అంతకంటే టీడీఏ2003 ఆంప్ ఐసీ సుళువు. కారు బ్యాటరీ వోల్టేజ్ 14.4 మీద 4 ఓంల స్పీకర్‌కు 6 వాట్లు ఇస్తుంది, 8 నుంచి 18 వోల్టుల దాకా పనిచేస్తుంది, మామూలుగా 100 రెట్లు పెంచేలా కడతారు. హీట్‌సింక్ తప్పనిసరి. ఏది వాడినా ముందు ఆ టీఎల్072 బఫర్ ఉండాల్సిందే. దానికి 9 వోల్టుల బదులు 12 ఇస్తే ఇంకా హాయిగా పనిచేస్తుంది.

ఒక మాట. చెవికి రెండింతలు గట్టిగా తోచాలంటే శక్తి పదింతలు కావాలి. గదిలో ఒక్కరే కూర్చుని సాధన చేసేవారు ముందు మంచి స్పీకర్ ప్రయత్నించి, తర్వాత వాట్ల సంగతి చూడండి.

ప్రశ్న: మాది పాలకొల్లు, మాండొలిన్ శ్రీనివాస్ గారి ఊరు. నా దగ్గర పికప్ ఉన్న మాండొలిన్ ఒకటి, పికప్ లేని పాత మాండొలిన్ ఒకటి ఉన్నాయి. ఈ ఆంప్ వాటికి పనికొస్తుందా?
– సంగీత విద్యార్థి

జవాబు: పికప్ అయస్కాంతం రకమైతే పైన చెప్పిన ఏర్పాటు మార్పు లేకుండా పనికొస్తుంది. కాకపోతే గమకం స్పష్టంగా వినబడాలి కనుక పెంపు 20 దగ్గరే ఉంచండి, 1, 8 కాళ్ల జోలికి పోకండి, వాల్యూం సగం లోపు వాడండి.

పాతదానికి బజర్లలో వాడే 27 మిల్లీమీటర్ల పీజో డిస్కు ఒకటి కొని, బ్రిడ్జికి దగ్గరగా పలక మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించి చూడండి. జిగురు అప్పుడే వద్దు. అర అంగుళం జరిపితే గొంతు మారిపోతుంది, కాబట్టి చోటు తేలాకే జిగురు. డిస్కు నుంచి జాక్ దాకా షీల్డ్ వైరే వాడాలి, డిస్కు వెనక భాగాన్ని ఇన్సులేషన్ టేపుతో కప్పాలి. లేకపోతే చెయ్యి తగిలినప్పుడల్లా గుయ్‌మంటుంది. బ్రిడ్జి కింద దూర్చే సన్నటి పీజో పట్టీ అయితే బఫర్‌లోని 1 మెగాఓం రెసిస్టర్ స్థానంలో 4.7 మెగాఓంలది పెట్టండి. ఆ పట్టీ కెపాసిటెన్స్ చాలా తక్కువ, 1 మెగాఓంతో మంద్రస్థాయి స్వరాలు పలచబడిపోతాయి.